జుట్టు లేని తలకి టోపీ: కీమో టోపీలు అల్లి ఇవ్వాలనుకునేవాళ్ల కోసం మొదటి నుంచి చివరిదాకా

నేను అల్లిన మొదటి కీమో టోపీ, అంటే క్యాన్సర్ మందులకి జుట్టు ఊడినవాళ్ల కోసం అల్లేది, తిరిగొచ్చేసింది. ముదురు ఎరుపు, మంచి ఖరీదైన ఊలు, మధ్యలో జడలా మెలికలు తిరిగే డిజైన్, పైన పెద్ద కుచ్చు, వారం రోజులు కూర్చుని అల్లాను, నా తలకి పెట్టుకుని అద్దంలో చూసుకుని తెగ మురిసిపోయాను కూడా. టోపీలు పోగుచేసే వాలంటీర్ గ్రూపులో ఒకావిడ ఫోన్ చేసి "చాలా బాగుందండీ, కానీ ఒక్క పని చేయండి, దాన్ని తిరగేసి మెడకి చుట్టుకుని ఒక గంట కూర్చోండి" అంది. పది నిమిషాలు కూర్చోలేకపోయాను, ఒకటే దురద. తల మీద పెట్టుకున్నప్పుడు ఆ దురద ఎందుకు తెలీలేదంటే నా తలకీ టోపీకీ మధ్యలో జుట్టు అడ్డం ఉంది. ఈ పని మొత్తంలో తికమక పెట్టేది అదే, మనం చేసేది జుట్టు లేని తలకి, పెట్టి చూసుకునేది మాత్రం జుట్టున్న తల మీద, అందుకే దారం దగ్గర, కొలత దగ్గర, కుట్టు దగ్గర, ముడి దగ్గర అన్నిచోట్లా మన జుట్టు మనకి అబద్ధం చెప్తుంది. కింద రాసిందంతా ఆ అబద్ధంలో పడకుండా టోపీ ఎలా పూర్తి చేయాలన్నదే.

ముందు ఆ తల గురించి కాస్త తెలుసుకోండి

కీమో మందులు తొందర తొందరగా పెరిగే కణాల మీద పడతాయి, క్యాన్సర్ కణాలూ అలాంటివే, జుట్టు కుదుళ్లూ అలాంటివే కాబట్టి రెండిటికీ దెబ్బ తగులుతుంది. అన్ని మందులకీ జుట్టు ఊడదు, కొన్నిటికి పల్చబడి ఊరుకుంటుంది, కానీ డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివి వాడినప్పుడు చాలామందికి పూర్తిగా పోతుంది. సాధారణంగా మొదటి డోసు పడిన 2, 3 వారాలకి మొదలవుతుంది, దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనపడుతుంది. ట్రీట్‌మెంట్ అయ్యాక మళ్లీ మొలవడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, టోపీ లేకుండా బయటికెళ్లొచ్చు అనిపించేంత పొడవు రావడానికి ఇంకా ఎక్కువే. అంటే ఒక మనిషి ఆ టోపీతో నెలల తరబడి బతుకుతారు, ఏదో ఫోటో కోసం పెట్టుకునే వస్తువు కాదు ఇది.

ఇక ఆ చర్మం సంగతి. జుట్టు ఊడే రోజుల్లో మాడు పుండులా సలుపుతుందని చాలామంది చెప్తారు, చేయి తగిలినా ఓర్చుకోలేరు, కొందరికి చిన్న చిన్న పొక్కులు కూడా వస్తాయి. తలకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి కిరణాలు పడిన చోట మాత్రమే జుట్టు పోయి అక్కడ చర్మం ఎండకి కమిలినట్టు ఎర్రబడుతుంది. మెదడుకి ఆపరేషన్ అయినవాళ్లకి కుట్ల గాటు ఉంటుంది. రాత్రిపూట నెత్తి చల్లబడి నిద్ర పట్టదు, ఇంకోపక్క ట్రీట్‌మెంట్ వల్ల కొందరు ఆడవాళ్లకి ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలు పడతాయి, అప్పుడు మందపాటి టోపీ పెనం లాగా ఉంటుంది. కాబట్టి "కీమో టోపీ అంటే వెచ్చగా ఉండాలి" అన్న మాట సగమే నిజం. పల్చటి టోపీలు, మధ్యరకం టోపీలు, వెచ్చటివి, మూడూ కావాలి, జనం మాత్రం వెచ్చటివే చేసి పంపిస్తారు.

(ఇంకోటి, కోల్డ్ క్యాప్ అని వినే ఉంటారు, కీమో ఎక్కించేటప్పుడు నెత్తిని బాగా చల్లబరిచి జుట్టు ఊడటం తగ్గించే మెషిన్ టోపీ అది, అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2015లో మొదటిదానికి అనుమతిచ్చింది. దానికీ మన అల్లిక టోపీకీ సంబంధం లేదు, పేరు విని తికమక పడకండి.)

మొదటి మెట్టు: దారం కొనకముందే అడగండి

ఇది అందరూ వదిలేసే మెట్టు. ఇవ్వాలనుకునే ఆస్పత్రికో గ్రూపుకో ముందు ఫోన్ చేయండి, ఆస్పత్రైతే వాలంటీర్లని చూసుకునేవాళ్లనో సోషల్ వర్కర్‌నో క్యాన్సర్ వార్డు నర్సునో అడగాలి, రిసెప్షన్‌లో అడిగితే తెలీదనే అంటారు. అడగాల్సినవి: చేత్తో చేసినవి తీసుకుంటారా, ఏ దారం వద్దంటారు, ఇప్పుడు ఏ సైజు తక్కువగా ఉంది, పిల్లల వార్డు ఉందా, ఉతికి ఇవ్వాలా, ఒక్కోటి విడిగా ప్యాక్ చేయాలా, ఎన్ని పెట్టుకోవడానికి వాళ్ల దగ్గర చోటుంది. ఆఖరిది మర్చిపోవద్దు, ఒకేసారి నాలుగు సంచులు తీసుకెళ్లి బల్ల మీద పోసి వచ్చేస్తే వాళ్లకి అదో తలనొప్పి.

"మగవాళ్లకి ఏమైనా కావాలా" అని ప్రత్యేకంగా అడగండి. దాదాపు ఎప్పుడూ అవుననే అంటారు. అల్లేవాళ్లందరం గులాబీ, లేత ఊదా, పువ్వులు చేసుకుంటూ పోతాం, బుట్టలో చేయి పెట్టిన పెద్దాయనకి ఒక్క నల్లదో బూడిద రంగుదో దొరకదు. టీనేజ్ పిల్లల సంగతీ అంతే, చిన్నపిల్లల బొమ్మల టోపీ పెట్టుకోరు, పెద్దవాళ్లదీ పెట్టుకోరు, వాళ్లకి వెనక్కి కాస్త వదులుగా జారే టోపీ ఒకే రంగులో చేయండి.

రెండో మెట్టు: దారం

మనం అన్నిటినీ ఊలు అనే అంటాం కదా, అక్రిలిక్‌నీ ఊలే అంటాం, గొర్రె బొచ్చునీ ఊలే అంటాం, ఇక్కడ మాత్రం ఆ అలవాటు పనికిరాదు, లేబుల్ చదవాలి. గొర్రె ఊలు వద్దు. మెరినో అనే రకం గొర్రె ఊలు మెత్తగానే ఉంటుంది కానీ చాలా గ్రూపులు అది కూడా తీసుకోవు, ఎందుకంటే ఎవరికి పడదో ముందే చెప్పలేం, పైగా మామూలు ఊలుని వేడి నీళ్లలో మెషిన్‌లో వేస్తే ముడుచుకుపోయి బొమ్మ టోపీ అవుతుంది. మోహేర్, అంగోరా లాంటి నూగు దారాలు అసలే వద్దు, ఆ నూగు రాలి కళ్లలో ముక్కులో పడుతుంది, కీమోలో కనురెప్పల వెంట్రుకలు కూడా ఊడిపోవచ్చు, అంటే కంట్లో నలక పడకుండా ఆపేది కూడా ఉండదు. రెప్పల్లాగా పోగులు వేలాడే ఫ్యాన్సీ దారం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. జరీ మెరుపు ఉన్న దారం గీసుకుంటుంది, పైగా అందులో లోహం ఉందో లేదో చూడగానే తెలీదు, ఎంఆర్ఐ స్కాన్‌కి వెళ్లేవాళ్ల ఒంటి మీద లోహం ఉండకూడదు, అదే కారణంతో ఇనప గుండీలు, పిన్నులు, రివెట్లు కూడా టోపీకి పెట్టకండి.

మరి ఏవి బాగుంటాయంటే మెత్తటి అక్రిలిక్ (బేబీ అని రాసున్న రకాలు ఎక్కువ శాతం బాగుంటాయి), కాటన్, కాటన్ అక్రిలిక్ కలిపినవి, బాంబూ కలిపినవి. అక్రిలిక్ తేలిక, మెషిన్‌లో ఉతకొచ్చు, త్వరగా ఆరుతుంది, కానీ చెమట పీల్చదు. కాటన్ చల్లగా ఉంటుంది, పీలుస్తుంది, కానీ బరువు, సాగితే మళ్లీ దగ్గరకి రాదు. నాకైతే కాటన్ సగం అక్రిలిక్ సగం ఉన్నదే ఇష్టం, రెండిటి మంచీ కొంచెం కొంచెం వస్తుంది. అక్రిలిక్‌తో ఒక జాగ్రత్త, అది మంట తగిలితే కరిగి అంటుకుంటుంది, అందుకని పొయ్యి దగ్గర పెట్టుకోవద్దని చీటీలో ఒక లైన్ రాయడం మంచిది.

లేబుల్ పోయిన ఉండలు ఎవరైనా ఇస్తే చిన్న పోగు తెంపి పట్టకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని అంటించి చూడండి. కాల్చిన జుట్టు వాసన వచ్చి బూడిద నలిగిపోతే జంతువుల ఊలు, కాగితం కాలిన వాసన వస్తే కాటన్ లాంటిది, కరిగి గట్టి పూసలాగా అయితే అక్రిలిక్ లేదా ఇంకేదైనా సింథటిక్. రెండూ కలిసినట్టు అనిపిస్తే ఆ ఉండ ఇంకో పనికి వాడుకోండి.

మెత్తదనం వేళ్లతో చూడొద్దు, అల్లే చేతి వేళ్లు మొద్దుబారి ఉంటాయి. అరచేయంత ముక్క అల్లి, ఉతికి, ఆరాక మెడ పక్కన కాలర్ లోపల పెట్టుకుని ఒక గంట ఇంటిపని చేసుకోండి. అది ఉందన్న సంగతే మర్చిపోయారంటే దారం పాసు. మాటిమాటికీ చేయి అక్కడికి పోతుంటే ఫెయిలు, ఎంత అందమైన రంగైనా సరే.

మందం విషయానికొస్తే డీకే రకం తీసుకోండి, అంటే మరీ సన్నమూ కాదు మరీ లావూ కాదు. పెద్దవాళ్ల టోపీకి 100 గ్రాముల ఉండ ఒకటి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా.

మూడో మెట్టు: కొలతలు

ఇక్కడే మన జుట్టు చెప్పే రెండో అబద్ధం. జుట్టు పోతే తల చుట్టుకొలత ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది, ఒత్తుగా ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. అంతకంటే పెద్ద సంగతి జారడం. జుట్టు టోపీని పట్టుకుని ఉంచుతుంది, నున్నటి నెత్తి పట్టుకోదు, కొంచెం వదులైతే చాలు కళ్ల మీదకి దిగిపోతుంది. అలాగని బిగుతుగా చేస్తే నుదుటి మీద గీత పడి నొప్పి, పైగా స్టెరాయిడ్ మందులకి కొందరికి ముఖం ఉబ్బుతుంది, పోయిన నెల సరిపోయింది ఈ నెల పట్టదు. అందుకే బిగుతు కాదు, సాగుడు కావాలి. తల కంటే 4, 5 సెంటీమీటర్లు తక్కువ చుట్టుకొలతతో, మెల్లగా లాగితే హాయిగా సాగేట్టు చేయాలి.

పూర్తయిన టోపీని సాగదీయకుండా కొలిస్తే సుమారుగా ఇలా ఉండాలి (లోతు అంటే నడినెత్తి నుంచి అంచు దాకా):

ఏడాది పిల్లలు: చుట్టూ 42, లోతు 16 సెం.మీ.
3 నుంచి 5 ఏళ్లు: చుట్టూ 46, లోతు 18
6 నుంచి 10 ఏళ్లు: చుట్టూ 48, లోతు 19 లేదా 20
పెద్ద ఆడవాళ్లు, టీనేజ్ పిల్లలు: చుట్టూ 50 నుంచి 52, లోతు 21 లేదా 22
మగవాళ్లు: చుట్టూ 53 లేదా 54, లోతు 22 లేదా 23

లోతు మీద ఎక్కువ ధ్యాస పెట్టండి. మామూలు టోపీ డిజైన్లు చెవుల పైభాగం దగ్గర ఆగిపోతాయి, జుట్టుంటే అది బాగానే ఉంటుంది, జుట్టు లేనప్పుడు మెడ వెనకా చెవుల ముందూ ఖాళీ చర్మం బయటపడుతుంది, చాలామందికి ఇబ్బందిగా అనిపించేది అక్కడే. టోపీ నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దాటి కిందికి రావాలి, వెనక మెడ గుంట దాకా దిగాలి. ఎక్కువైతే మడుచుకుంటారు, తక్కువైతే ఏం చేయలేరు.

కొలవడానికి ఇంట్లో మనుషుల తలలు వాడొద్దు. నేను గుండ్రటి బెలూన్‌ని 55 సెంటీమీటర్లు వచ్చేదాకా ఊది, చిన్న గిన్నె మీద కూర్చోబెట్టి దానికి తొడిగి చూస్తాను, బెలూన్ నున్నగా ఉంటుంది కాబట్టి జారే టోపీ అక్కడే జారిపోతుంది.

నాలుగో మెట్టు: అల్లడం

కొత్తగా నేర్చుకునేవాళ్లకి క్రోషే హుక్ తేలిక, తప్పు చేస్తే లాగేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ముందొక మాట, వీడియోల్లో డిజైన్లు చూసేటప్పుడు అది అమెరికా భాషో బ్రిటిష్ భాషో చూసుకోండి, అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు, ఒకదాన్ని ఇంకోటనుకుని అల్లితే టోపీ కాస్తా బుట్ట అయిపోతుంది. నేను కింద రాసేది అమెరికా పద్ధతి, కుట్టు హాఫ్ డబుల్ క్రోషే, సింగిల్ కంటే కాస్త పొడుగు, డబుల్ కంటే పొట్టి. డబుల్ క్రోషే త్వరగా అవుతుంది కానీ సందులు పెద్దవి, వాటిల్లోంచి నెత్తి కనపడుతుంది, నల్ల జుట్టు మీద ఆ సందులు మీకు కనపడవు (మూడో అబద్ధం). లేసు డిజైన్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

డీకే దారం, 4 మిల్లీమీటర్ల హుక్. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి, 10 సెంటీమీటర్లలో అడ్డంగా 16 కుట్లు, నిలువుగా 12 వరసలు రావాలి. కుట్లు ఎక్కువ వస్తే ఇంకొంచెం లావు హుక్, తక్కువ వస్తే సన్నది.

మ్యాజిక్ రింగ్ (తోక లాగితే మూసుకుపోయే దారపు చుట్టు) వేసి అందులో 8 కుట్లు వేయండి, రింగ్‌ని గట్టిగా లాగి మూసేయండి. రెండో రౌండ్‌లో ప్రతి కుట్టులో రెండేసి, 16 అవుతాయి. మూడో రౌండ్‌లో ఒకటి మామూలుగా, తర్వాత దాంట్లో రెండు, అలా చుట్టూ, 24. నాలుగో రౌండ్‌లో రెండు మామూలుగా, తర్వాత దాంట్లో రెండు, 32. ఇలాగే రౌండ్‌కి ఎనిమిది చొప్పున పెంచుకుంటూ పదో రౌండ్‌కి 80 కుట్లు రావాలి. ప్రతి రౌండ్ మొదట్లో ఒక రంగు దారం ముక్క మార్కర్‌గా పెట్టుకోండి, లెక్క తప్పడం అనేది ఖాయంగా జరుగుతుంది, ఎక్కడ తప్పిందో వెతుక్కోవడమే కష్టం. పెంచే కుట్టు ఎప్పుడూ దాని మీద దాని మీదే పడితే చక్రం గుండ్రంగా కాకుండా ఎనిమిది మూలల పళ్లెంలా అవుతుంది, కాబట్టి రౌండ్ మార్చి రౌండ్‌కి పెంచే చోటు కాస్త పక్కకి జరపండి.

ఇప్పుడు చక్రం అడ్డంగా 16, 17 సెంటీమీటర్లు ఉండాలి. చిన్న లెక్క గుర్తుపెట్టుకుంటే ఏ సైజైనా చేయొచ్చు, కావాల్సిన చుట్టుకొలతని 3.14తో భాగిస్తే చక్రం అడ్డం కొలత వస్తుంది. 42 కావాలంటే 13కి కొంచెం పైన, 54 కావాలంటే 17కి కొంచెం పైన, అంతే, అక్కడ పెంచడం ఆపేయాలి. అంచులు గిన్నెలా పైకి లేస్తుంటే పెంచడం తక్కువైనట్టు, అలల్లాగా ముడతలు పడుతుంటే ఎక్కువైనట్టు.

పెంచడం ఆపాక 80 కుట్ల మీద అలాగే రౌండ్లు వేసుకుంటూ పోండి, సుమారు 15 రౌండ్లు వేస్తే లోతు 21 సెంటీమీటర్లు వస్తుంది. రౌండ్లు లెక్కపెట్టడం కంటే టేపు పెట్టి చూడటమే నయం. ఆఖరి రెండు మూడు రౌండ్లు చేయి బాగా వదులుగా పెట్టి అల్లండి, అందరం చివరికొచ్చేసరికి తొందరలో బిగించేస్తాం, ఆ బిగుతు అంచే నుదుటి మీద గీత పెడుతుంది.

సూదులతో అల్లడం వచ్చినవాళ్లకి ఇంకా మంచిది, సూదుల అల్లిక సన్నగా ఉంటుంది, బాగా సాగుతుంది. డీకే దారం, 4 మిల్లీమీటర్ల గుండ్రటి సూది, 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చేట్టు. 112 కుట్లు ఎక్కించి (ఎక్కించేటప్పుడు ఒక సైజు లావు సూది వాడితే అంచు వదులుగా వస్తుంది) రెండు నిట్ రెండు పర్ల్ చొప్పున రిబ్ 4 సెంటీమీటర్లు, తర్వాత అన్నీ నిట్ చేసుకుంటూ మొదటి నుంచి మొత్తం 15 సెంటీమీటర్లు వచ్చేదాకా. అక్కడి నుంచి తగ్గించడం: 12 నిట్, రెండు కలిపి ఒకటి, చుట్టూ అలాగే, 104 మిగుల్తాయి. ఒక రౌండ్ మామూలుగా. తర్వాత 11 నిట్, రెండు కలిపి ఒకటి. ఇలా ఒక తగ్గించే రౌండ్, ఒక మామూలు రౌండ్ ఆరుసార్లు చేశాక మధ్యలో మామూలు రౌండ్లు మానేసి ప్రతి రౌండ్‌లో తగ్గించుకుంటూ 8 కుట్లు మిగిలేదాకా వెళ్లండి. దారం తెంపి ఆ ఎనిమిదిలోంచి దూర్చి లాగేయండి. రెండు సూదుల మీద ముందుకీ వెనక్కీ పలకలా అల్లి తర్వాత అంచులు కలిపి కుట్టే పద్ధతి వద్దు, వెనకాల నిలువు కుట్టు వస్తుంది, రోజంతా దిండు మీద పడుకునే మనిషికి ఆ కుట్టు తాడులా ఒత్తుకుంటుంది.

అల్లిక రానివాళ్లు: బనియన్ క్లాత్ టోపీ

నిజం చెప్పాలంటే ఎక్కువమంది ఎక్కువ గంటలు పెట్టుకునేది ఇదే, పడుకున్నప్పుడు, విగ్గు కింద, ఎండాకాలంలో. ఒక కుట్టు మిషన్ ఉంటే గంటలో రెండు చేయొచ్చు. సాగే కాటన్ క్లాత్ తీసుకోండి, 95 శాతం కాటన్ 5 శాతం స్పాండెక్స్ ఉన్నది శ్రేష్ఠం. వాడిన టీషర్టులు కత్తిరించొద్దు, ఉతికినా సరే చాలాచోట్ల పాతవి తీసుకోరు. కొత్త క్లాత్‌ని ముందు వేడి నీళ్లలో ఉతికి ఆరబెట్టండి, కుదించుకుపోవాల్సింది ఇప్పుడే కుదించుకుపోనివ్వండి.

పేపర్ మీద అచ్చు గీయండి: కింద 27 సెంటీమీటర్ల వెడల్పు, నిలువు 25, పక్కలు 13 దాకా నిటారుగా వెళ్లి అక్కడి నుంచి గుమ్మటంలా ఒంపు తిరగాలి. క్లాత్ సాగేది అడ్డంగా ఉండేట్టు చూసి నాలుగు ముక్కలు కత్తిరించండి, రెండు పైకి, రెండు లోపలికి. పై రెండూ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి ఒంపు పొడవునా కుట్టండి, కింద వదిలేయండి. లోపలి రెండూ అలాగే, కాకపోతే పక్కన 8 సెంటీమీటర్లు కుట్టకుండా ఖాళీ వదలాలి. మిషన్‌కి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వాడండి, మామూలు సూది సాగే క్లాత్‌కి చిల్లులు పెడుతుంది. కుట్టు సన్నటి జిగ్‌జాగ్, నేరుగా కుడితే తలకి పెట్టుకుని లాగగానే దారం పుటుక్కుమంటుంది. ఇప్పుడు పైదాన్ని మంచివైపుకి తిప్పి లోపలిదాంట్లో దూర్చండి, మంచివైపులు ఎదురెదురుగా ఉండాలి, కింద అంచులు కలిపి చుట్టూ కుట్టేయండి. వదిలిన ఖాళీలోంచి మొత్తం బయటికి లాగి, ఆ ఖాళీని చేత్తో సన్నగా మూసి, లోపలి పొరని లోపలికి తోసేయండి. మిషన్ కుట్ల అంచులన్నీ రెండు పొరల మధ్యలో దాక్కున్నాయి, చర్మానికి ఏవీ తగలవు, ఈ పద్ధతి ఎంచుకున్నదే అందుకు. నడినెత్తి దగ్గర రెండు పొరల్నీ ఒక చిన్న టాకా వేసి కలిపితే ఉతికినప్పుడు లోపలిది బయటికి రాదు. కుట్లు చెవుల వైపు వచ్చేట్టు పెట్టుకోమని చీటీలో రాయండి.

అయిదో మెట్టు: ముడులు, తోకలు

ముడి వేయొద్దు. ఎక్కడా వద్దు. ఉండ మధ్యలో అయిపోతే కొత్త దారాన్ని పాత దారం తోకతో (మిగిలిన కొసతో) కలిపి కొన్ని కుట్లు అల్లేయండి, రెండు తోకలూ కనీసం 15 సెంటీమీటర్లు వదిలి తర్వాత మొద్దు సూదితో ఒకవైపు, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి దూర్చండి. మ్యాజిక్ రింగ్ తోకని రింగ్ చుట్టూ గుండ్రంగా రెండుసార్లు తిప్పాలి, అది వదులైతే నడినెత్తిన చిల్లు పడుతుంది. ఆ తర్వాత టోపీని తిరగేసి కళ్లు మూసుకుని పెదవుల మీద మెల్లగా రుద్దుకుంటూ మొత్తం చుట్టూ తిప్పండి, నవ్వొస్తుంది కానీ గట్టిగా తగిలేది ఏదున్నా పెదవికి ఇట్టే తెలుస్తుంది. తర్వాత ఎలాగూ ఉతుకుతాం.

అలంకారాలు తక్కువ పెట్టండి. చిన్నపిల్లల టోపీలకి పూసలు, గుండీలు, కళ్ల బొమ్మలు, పొడుగు తాళ్లు పెట్టొద్దు, నోట్లో పెట్టుకుంటారు, మెడకి చుట్టుకుంటాయి. పెద్దవాళ్లకి పువ్వు పెట్టాలనిపిస్తే పక్కకి, అది కూడా విడిగా తీసేసుకునేట్టు. వెనకాల ఏమీ వద్దు, పడుకుంటే గుచ్చుకుంటుంది. పిన్నులు వాడితే మొదలుపెట్టేముందు లెక్కపెట్టి, అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి, ఒకటి తక్కువైతే దొరికేదాకా ఆ టోపీ ఇంట్లోంచి కదలకూడదు.

ఆరో మెట్టు: ఉతకడం, ప్యాకింగ్

కీమోలో తెల్ల రక్తకణాలు తగ్గి చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది, పైగా వాసనలకి కడుపులో తిప్పుతుంది, మనకి సువాసన అనిపించేది వాళ్లకి వాంతి. అందుకని వాసన లేని డిటర్జెంట్‌తో ఉతకండి, ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, మామూలుకంటే ఒకసారి ఎక్కువ జాడించండి. పూర్తిగా ఆరాకే ప్యాక్ చేయాలి, కొంచెం తడి ఉన్నా కవర్లో ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టొద్దు, మెత్తబడి సాగుడు పోయి వేలాడిపోతుంది, మళ్లీ బాగవ్వదు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లుంటే, పిల్లి గానీ కుక్క గానీ ఉంటే అల్లే పని మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి, లేదా ఆ సంగతి గ్రూపుకి ముందే చెప్పండి, దాచొద్దు. జలుబు చేసిన వారం సూదులు పక్కన పెట్టేయండి.

ఒక్కో టోపీ ఒక్కో పారదర్శక జిప్ కవర్లో, సైజూ రంగూ బయటికి కనపడేట్టు. చీటీలో సైజు, దారంలో ఏముంది, ఎలా ఉతకాలి, అంతే. ఇంకేమైనా రాయాలనిపిస్తే "మీకోసం అల్లాను" చాలు. "ధైర్యంగా పోరాడండి", "త్వరగా కోలుకోండి" అని రాయకండి, చదివేది ఎవరో, వాళ్ల జబ్బు ఏ దశలో ఉందో మనకి తెలీదు. దేవుడి మాటలూ అంతే, అందరి దేవుడూ ఒకటి కాదు. మీ ఫోన్ నంబర్ పెట్టొద్దు, పెడితే ఓపిక లేని మనిషి మీకు థాంక్స్ చెప్పాల్సిన పని పెట్టుకున్నట్టు అవుతుంది. టోపీ పెట్టుకున్న ఫోటో అడగటం అయితే అసలు వద్దు.

నలుగురు కలిసి చేస్తుంటే

ఒక్కరికి చెకింగ్ పని అప్పజెప్పండి, మొహమాటం లేని మనిషికి. సాగుతుందా, తోక బయటికొచ్చిందా, లోతు ఉందా, వాసన ఉందా, బెలూన్ మీద నిలబడుతుందా, అయిదు చూసి పక్కన పెట్టడమే. అందరూ ఒకే సైజు చేయకుండా నెల మొదట్లో పంచుకోండి, ఫలానా ఇద్దరు మగవాళ్లవి, ఒకరు పిల్లలవి, కుట్టు మిషన్ ఉన్నవాళ్లు పడుకునే టోపీలు. ఒక నోట్‌బుక్‌లో ఏ దారం వాడారు, ఏ హుక్, ఎన్ని కుట్లు, బరువెంత అని రాసి పెట్టుకుంటే రెండోసారి పది నిమిషాల పని తగ్గుతుంది. పిల్లలు, కొత్తవాళ్లు చేసినవి కాస్త వంకరగా ఉన్నా పర్లేదు, మెత్తగా ఉండి తలకి నిలబడితే వంకర ఎవరూ చూడరు.

చెకింగ్‌లో పోయినవాటిని పారేయక్కర్లేదు. వదులైన టోపీని నడుమ దాకా విప్పి మళ్లీ అల్లొచ్చు. విప్పిన దారం వంకీలు తిరిగి ఉంటుంది, కుర్చీ వీపుకి చుట్టి పొడుగాటి చుట్టలా చేసి నాలుగు చోట్ల వదులుగా కట్టి గోరువెచ్చటి నీళ్లలో ముంచి తీసి వేలాడదీస్తే తిన్నబడుతుంది, అక్రిలిక్‌కి పూర్తిగా పోదు కానీ అల్లడానికి పనికొస్తుంది. దురద పెట్టిన దారమైతే టోపీలకి మళ్లీ వాడకండి. నా ఎర్రదాన్ని అలాగే విప్పేసి మఫ్లర్ అల్లుకున్నాను, చొక్కా కాలర్ మీదుగా చుట్టుకుంటే బాగానే ఉంటుంది.